ఎండలో డాన్సు క్లాసు

"ఎండలో గంతులేస్తే పిల్ల ఇంకా నల్లబడిపోదూ?"

బాలత్రిపురసుందరి ఆ మాట ముందు మొగుడితో అంది. యోగానంద్ ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే సన్‌స్క్రీన్ రాయమన్నాడు. ఆవిడకు అదొక జవాబులా తోచలేదు. కమ్యూనిటీ సెంటర్ హాల్లో నేల బాగుచేస్తున్నారని, ఈ నెలంతా క్లాసు పార్కులోనే అని డాన్సు టీచరు మెసేజీ పెట్టినప్పటి నుంచి ఆవిడకు అన్నం సయించడం లేదు. గడ్డిలో పురుగులుంటాయి. పిల్ల కాలు మడతపడుతుంది. వడదెబ్బ తగిలి పడిపోతే ఈ కెనడా ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఎన్ని గంటలు కూర్చోబెడతారో ఏమో. అన్నిటికీ మించిన భయం మాత్రం రంగు గురించే. పదేళ్ళ అమృతది అచ్చం తల్లి చాయ. మొన్న బ్రాంప్టన్ నుంచి ఆడపడుచు సరోజన వీడియో కాల్‌లో, పిల్ల కమిలిపోయిందని అననే అంది.

శనివారం పొద్దున పిల్లకు నిండు చేతుల చొక్కా తొడిగి, టోపీ పెట్టి, గొడుగు పట్టుకుని మరీ తీసుకెళ్ళింది.

టీచరు పేరు మార్సియా. ఆవిడ పూర్వీకులను ఆఫ్రికా నుంచి ఓడల్లో పట్టుకొచ్చి జమైకా చెరకు తోటల్లో పడేశారట. ఏ అడుగు నేర్పినా, అది ఎవరిదో ఎందుకు పుట్టిందో చెప్పందే నేర్పదు. ఇంటికొచ్చాక అమృత నోట అవే కథలు. సుందరికి ఆవిడంటే గౌరవమే. అందుకే తనకొచ్చిన ఇంగ్లీషులో మర్యాదగా అడిగింది.

"మిస్, టూ మచ్ సన్. అమృత బ్లాక్ అయిపోతుంది. ఇన్‌సైడ్ క్లాస్, ప్లీజ్."

అనేశాక గానీ, ఎవరితో అన్నదో సుందరికి తట్టలేదు.

మార్సియా కోపగించుకోలేదు. అయితే ఏమవుతుందని అడిగింది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

సుందరి దగ్గర జవాబులు లేక కాదు. సంబంధాలు కుదరవు, ఫోటోల్లో వెనక్కి నెడతారు, పేరంటాల్లో చెవులు కొరుక్కుంటారు. ఆ ముఖంలోకి చూస్తూ వాటిలో ఒక్కటీ పైకి అనలేకపోయింది. తొందరేం లేదు, తోచినప్పుడు చెప్పమని మార్సియా పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

సుందరి మేపుల్ చెట్టు కింద బెంచీ మీద కూలబడింది. క్లాసులోంచి పిల్లను తీసేస్తారేమోనని ఇప్పుడు ఇంకో భయం.

ఆ రోజు అడుగు చెరకు నరికేవాళ్ళది. నడుము వంచాలి, పాదాలు నేలను వదలకూడదు. దొరలు డప్పులు లాక్కుంటే వాళ్ళు తొడలూ గుండెలూ చరుచుకుని ఒంటినే డప్పు చేసుకున్నారని మార్సియా చెప్పింది. పిల్లలు వలయంగా నిలబడి చరుస్తున్నారు. ఒక్కొక్కరే మధ్యలోకి వెళ్ళి ఆడి వస్తున్నారు.

అమృత చెట్టునీడ పడ్డ చోటే వెతుక్కుని నిలబడింది. తన వంతు వచ్చింది. కదల్లేదు.

"ఐ కాంట్, మిస్. ఇట్స్ సన్నీ దేర్," అంది, టోపీ కిందికి లాక్కుంటూ.

మార్సియా బలవంతపెట్టలేదు. అలాగని ఇంకో పిల్లను పిలవనూ లేదు. చరుపులు ఆగలేదు, మెత్తబడ్డాయి అంతే. వలయం మధ్యలో గడ్డి ఖాళీగా ఉంది.

అమృత వెనక్కి తిరిగి తల్లిని చూసింది. ఏడవడం లేదు.

"అమ్మా, వాట్ హాపెన్స్ ఇఫ్ ఐ గెట్ డార్క్?"

టీచరు అడిగిందీ అదే. సుందరికి తన పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. దట్టంగా పూసిన పౌడరు చెమటకు చారలు కట్టడం, ఎదుట కూర్చున్నవాళ్ళు మూతులు తిప్పుకుని నవ్వుకోవడం. తనలో తక్కువేమిటో ఆనాడు ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. ఈ పిల్ల అడుగుతోంది.

కుక్కను నడిపించుకుంటూ ఒక ముసలాయన పార్కు ఈ చివర నుంచి ఆ చివరకు దాటిపోయాడు. పిల్ల చూపు తిప్పలేదు. వలయంలో ఎవరూ చేతులు ఆపలేదు.

"ఏం కాదమ్మా," అంది చివరికి సుందరి, తెలుగులోనే, టీచరుకు కూడా వినబడేలా. "నన్నన్న మాటలు నిన్నూ అంటారని నా భయం, అంతే. నీకేం కాదు. వెళ్ళి ఆడు."