గంటు కుదరని ముక్క

ఒరెస్తెస్ ఇంటి ఫ్రిజ్‌ను తెల్లవారకముందే తాళ్లు కట్టి బాల్కనీలోంచి కిందికి దించారట. రొట్టెల వరసలో నిలబడ్డవాళ్లెవరో చూశారని పక్కవాటా మిగ్దాలియా కబురు మోసుకొచ్చింది. కాఫీ గ్లాసు ఫెర్మిన్ బల్ల అంచున పెట్టి, అతని మొహంలోకి ఒకసారి చూసి, "ఒరెస్తెస్ నీకేం చెప్పలేదా?" అంది.

"కొత్తది కొంటున్నాడేమోలే."

"అవును మరి! మన హవానాలో ఫ్రిజ్జులు వానకి మొలుస్తాయిగా," అంటూ చెప్పులీడ్చుకుంటూ వెళ్లిపోయింది.

లైటర్లు నింపడం ఫెర్మిన్ పని. చేతిలో ఎర్ర లైటరుంది. గ్యాసు అయిపోతే పారేయమని చేసిన సరుకే గాని, ఈ ఊళ్లో లైటరును పారేసినవాణ్ణి అతనింతవరకూ చూడలేదు. అడుగున సూదితో బెజ్జం పెట్టి, డబ్బాలోంచి గ్యాసు ఎక్కించి, బెజ్జం పూడ్చి, అరిగిన చెకుముకి రాయిని పీకి కొత్తది దూర్చాడు. బొటనవేలితో చక్రం తిప్పాడు. మంట లేచింది. దాని వెనకాలే దగ్గూ లేచింది. బల్ల పట్టుకుని వంగిపోయి, కళ్లనీళ్లు మోచేత్తో తుడుచుకున్నాడు. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా, చేపపొలుసులా లేచిపోయి ఉంది. "ఈ గ్యాసు మానకపోతే నేను రాసే మందులు దండగ మామయ్యా," అని డాక్టరమ్మ పోయిన ఎండాకాలమే తేల్చి చెప్పింది.

మానేసి ఏం తినాలి? దానికి దారి చెప్పినవాడు ఒరెస్తెస్సే. సినిమాలూ సీరియళ్లూ నింపిన హార్డ్‌డిస్కొకటి వారం వారం ఊరంతా చేతులు మారుతుంటుంది. సొంతంగా కంప్యూటరొకటి బిగించుకుంటే చాలు, వచ్చినవాళ్లకి కావలసినవి ఎక్కించి పంపొచ్చు. "నువ్వు నీడపట్టున కూర్చో బావా, తిరుగుడంతా నాది," అన్నాడు.

చుక్కల బిళ్లలతో ఆడే డామినోలో వాళ్లిద్దరూ జోడీ. ఏళ్ల తరబడి సాయంత్రాలు ఒకే బల్లకి అటొకడు ఇటొకడు కూర్చున్నారు. జోడీ ఆటలో నోరు విప్పకూడదు. ఎదురుగా కూర్చున్న తన జోడీ ముక్క దించే తీరు చూసి, వాడి చేతిలో ఇంకేం మిగిలిందో పట్టుకోవాలి. ఆ విద్యలో ఫెర్మిన్‌కి వీధిలో పెద్ద పేరు. ఒరెస్తెస్ ముక్కు గోక్కున్నా, కుర్చీ జరిపినా అతనికి తెలిసిపోయేది.

పోయిన భార్య కుట్టుమిషనిచ్చి, దానికి బదులు మదర్‌బోర్డు తెచ్చుకున్నాడు ఫెర్మిన్. తన గది పైకప్పు కారుతుందని, బోర్డునూ దాన్ని బిగించే రేకు పెట్టెనూ ఒరెస్తెస్ ఇంట్లో ఉంచాడు. ఇక మిగిలింది ర్యామ్ ఒక్కటే. అదే కుదరలేదు. మొదటి ముక్కను ఒరెస్తెస్ కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. "కింద ఈ గంటు చూశావా బావా? ఇది రెండో తరానిది. మన బోర్డు మూడో తరం. గంటు ఇంత ఎడంగా ఉండాలి. బలవంతాన నొక్కితే రెండూ చస్తాయి." రెండోది మరీ పొట్టిది, ఒళ్లో పెట్టుకునే కంప్యూటర్లదట. మూడోదానికి గంటు కుదిరింది గాని, వేగం ఎక్కువట, మన బోర్డు తట్టుకోలేదట. ప్రతిసారీ ఒకటే మాట: "ఇక్కడుంచు, మార్పిస్తాలే." పెట్టె మూత తీస్తే లోపలి బోర్డుకి తేమ తగులుతుందన్నాడు. నిజమే అనుకున్నాడు ఫెర్మిన్.

మధ్యాహ్నం బల్ల మడిచి, చంకలో రేడియో పెట్టుకుని, ఫోన్లు బాగుచేసే ఓదాల్మిస్ గుమ్మానికి వెళ్లాడు. ఇంట్లో మాట్లాడే వస్తువు ఇక ఆ రేడియో ఒక్కటే. దాన్నిచ్చి, ఒరెస్తెస్ చెప్పిన తరం, చెప్పిన వేగం, చెప్పిన పొడవు ఉన్న ముక్కను అడిగి తీసుకున్నాడు. జేబులో వేసుకుంటూ, మూడోది ఎందుకు పనికిరాలేదో మాటవరసకి చెప్పాడు.

ఓదాల్మిస్ చేతిలో పని ఆపింది. "వేగం ఎక్కువైతే ఏమవుద్ది పెద్దాయనా? బోర్డు ఎంత లాగితే ఇదీ అంతే పరిగెడద్ది. అంతోటి దానికి పనికిరాదంటాడా? పెట్టి చూశాడా అసలు?"

"చూడకుండానే చెప్పేశాడు. వాడు చెయ్యి తిరిగినవాడు."

ఆమె సిగరెట్టు నోట పెట్టుకుని, పోయినవారం అతనే గ్యాసు నింపిన లైటరుతో వెలిగించుకుంది. అతను దగ్గుతుంటే మొహం అటు తిప్పి పొగ వదిలింది.

ఒరెస్తెస్ ఇంటి మెట్లు ఎక్కుతూ రెండుచోట్ల ఆగాడు ఫెర్మిన్. తలుపు బార్లా తెరిచి ఉంది. గచ్చు మీద ఫ్రిజ్ ఉన్నంత మేర పలకలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఒరెస్తెస్ చెల్లెలు నెరెయిదా నీళ్లు పోసి ఇల్లు తుడుస్తోంది.

"వాడేడీ?"

"దేశం వదిలేశాడు, ఈక్వడార్‌కి. ఈపాటికి విమానం లేచుంటది. లేచేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు. దిష్టి తగిలి ఆగిపోయినోళ్లని చూళ్లేదా?"

"నాకు కూడానా?"

"అందరికంటే ముఖ్యంగా నీకే చెప్పొద్దన్నాడు." తుడుపు కర్రతో మూలకి చూపించింది. "పెట్టె నీదేగా, పట్టుకుపో. వేరేవాళ్లకి ఇవ్వొద్దని మరీ మరీ చెప్పి వెళ్లాడు."

ఫెర్మిన్ తడి గచ్చు మీదే మోకాళ్లూని కూర్చున్నాడు. లైటర్లకి వాడే చిన్న స్క్రూడ్రైవరుతో మర ఒక్కొక్కటే తిప్పాడు. పక్కరేకు ఊడొచ్చింది. బోర్డు బిగించే చోట నాలుగు బెజ్జాలు మాత్రమే ఉన్నాయి. అడుగున మడత పెట్టిన పాత పేపరు, దాని మీద అతను తెచ్చిచ్చిన మూడు ముక్కలు. రెండో తరానిది, పొట్టిది, వేగం ఎక్కువన్నది. ఒరెస్తెస్ దేన్నీ మార్పించలేదు, దేన్నీ అమ్ముకోలేదు. వరసగా, డామినో ముక్కలు పేర్చినట్టు పేర్చి పెట్టాడు.

జేబులోంచి నాలుగోది తీసి, గంట్లు ఒక వైపుకొచ్చేలా, వాటి పక్కనే పెట్టాడు ఫెర్మిన్. కింద వీధిలో ఎవరో లైటరు నింపించుకోవాలని అతన్ని పేరుపెట్టి పిలుస్తున్నారు.

"బోర్డు ఎప్పుడు అమ్మేశాడమ్మా?" అన్నాడు. "మూడోది తెచ్చాకా?"

నెరెయిదా గుడ్డ పిండుతూనే జవాబిచ్చింది.

"నువ్వు మొదటిది తెచ్చిన పూటకే అందులో ఏం లేదు. ఒక్కసారన్నా మూత తియ్యమని అడిగావా నువ్వు?"