ఉమ్మడి అమరిక

పులిసిన క్యాబేజీ ఆకుల్లో ఖైమా పెట్టి చుడుతున్నాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కనిజా ఊళ్ళో ఉన్న మా అమ్మతో మా హంగేరియన్ భాషలో మాట్లాడుతున్నాను. అత్తగారు రద్మిల పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే అంది: "కాస్త మనుషులకి అర్థమయ్యే భాషలో మాట్లాడరాదూ? నన్నేమనుకుంటున్నారో నాకూ తెలియాలిగా!" నవ్వుతూనే అంది. ఆవిడ ఏదన్నా నవ్వుతూనే అంటుంది. "ఆకు సన్నగా చుట్టు ఇల్దికో. మీ హంగేరియన్ల ఇళ్ళల్లోలా గుప్పెడేసి చెయ్యకు." "మళ్ళీ చేస్తానమ్మా" అని ఫోన్ పెట్టేశాను.

రేపు సెయింట్ దిమిత్రి రోజు. మా ఇంటి స్లావా, సెర్బియన్లు తమ ఇంటిని కాచే సెయింటుకి ఏటా చేసే పండగ. మా ఇంటి అంటే నా భర్త నెబోయ్షా వాళ్ళ ఇంటి అని. ఆ సెయింటు తండ్రి నుంచి కొడుక్కి వస్తాడు, కోడలికి వంట వస్తుంది. పండగ మీద నాకేం కోపం లేదు. రొట్టె మీద పిండితో జడలు అల్లడం, గోధుమల తీపి చేయడం అన్నీ ఇష్టమే. నాకు కావలసింది వేరే. నా కూతురు తియానా నోట మా భాషలో ఒక్క మాట వినాలి. పసిపిల్లగా నా ఒళ్ళో కూర్చుని పాలు ఆ భాషలోనే అడిగేది. అప్పుడు నెబోయ్షా అన్నాడు: "రెండు భాషలతో పిల్ల తికమకపడుతోంది ఇల్దీ. మాటలు సరిగ్గా వచ్చేదాకా నువ్వు ఆపు. కొన్నాళ్ళే కదా!" నిజమే, కొన్నాళ్ళే కదా అనుకున్నాను. పిల్ల రెండో తరగతికి వచ్చింది. ఆ కొన్నాళ్ళు ఇంకా పూర్తికాలేదు.

చేతులు ఆకులు చుడుతున్నాయిగానీ, బుర్ర పొద్దున ఆఫీసులో జరిగిన దాని చుట్టూనే తిరుగుతోంది. మేం ధాన్యం గోదాముల కోసం సి భాషలో ప్రోగ్రాం రాస్తాం. మొక్కజొన్నలో తేమ ఎంతుందో చదువుతూ, గింజల్ని ఆరబెట్టే యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం అది. ఈ పంటకాలమంతా ఒక గోదాం నుంచి ఒకటే ఫిర్యాదు. యంత్రం అప్పుడప్పుడూ ముందే ఆగిపోతోంది, గింజలు బూజు పడుతున్నాయి అని. సెన్సర్ చెడిందన్నారు, మార్చారు, అయినా అంతే. చివరికి "ఇల్దికోకి ఓపిక ఎక్కువ" అని నాకు అంటగట్టారు. మా ఆఫీసులో ఓపిక ఉన్నవాళ్ళకి ఎవరికీ పట్టని పనులన్నీ వస్తాయి. కాఫీ పెట్టడం కూడా.

తప్పు దొరికింది. సెన్సర్ పద్నాలుగు, చుక్క, ఎనిమిది అని పంపుతుంది. ఇక్కడి జనం దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. రైతులకిచ్చే రిపోర్టులో కామా ఉండాలని, మా టీముకి పెద్ద అయిన ప్రెద్రాగ్ రిపోర్టు రాసే ముందు సెట్‌లొకేల్ అనే ఆదేశాన్ని పిలిచి అంకెలకి సెర్బియన్ పద్ధతి పెట్టేవాడు. రాయడం అవగానే పాత పద్ధతి పెట్టేసేవాడు. ప్రోగ్రాంలో ఒక్క పనే జరుగుతుంటే దానికి వంక పెట్టలేం. కానీ మా దాంట్లో చాలా త్రెడ్లు, అంటే ఎవరి పని వాళ్ళు చేసుకునే పనివాళ్ళలాంటివి, ఒకేసారి నడుస్తుంటాయి. ఒకటి రిపోర్టు రాస్తుంటే ఇంకొకటి తేమ చదువుతూ ఉంటుంది. సెట్‌లొకేల్‌ని ఏ త్రెడ్ పిలిచినా ప్రోగ్రాం మొత్తానికీ మారిపోతుంది. సరిగ్గా అప్పుడే తేమ చదవబోయిన త్రెడ్‌కి చుక్క అంటే ఏమిటో తెలియదు. పద్నాలుగు దగ్గరే ఆగిపోతుంది. తేమ పద్నాలుగుకి దిగితే గింజలు ఆరినట్టు లెక్క కాబట్టి, ఆరిపోయాయనుకుని యంత్రం ఆపేస్తుంది.

"అబ్బా, క్షణం కదా ఇల్దికో! వెంటనే వెనక్కి పెట్టేస్తున్నానుగా" అన్నాడు ప్రెద్రాగ్.

"నీకు క్షణమే. ఆ క్షణంలోనే పక్కవాడికి పని పడింది."

"సరే, తాళం వేసేద్దాం. నేను రిపోర్టు రాసినంతసేపూ మిగతావాళ్ళు ఆగుతారు. ఏం పోయింది?"

"వాళ్ళెందుకాగాలి?"

నా గొంతు ఎంత లేచిందంటే, అటు చివర కూర్చున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. నేను తగ్గలేదు. "యూజ్‌లొకేల్ ఉందిగా. ఏ త్రెడ్ పిలిస్తే ఆ త్రెడ్‌కే మారుతుంది. రాసేవాడు కామాతో రాసుకుంటాడు, చదివేవాడు చుక్కతో చదువుకుంటాడు. ఎవరూ ఎవరికోసమూ నోరు మూసుకోనక్కర్లేదు."

"ఓహో, ఇవాళ ఇల్దికోకి పౌరుషం వచ్చిందే!" అని నవ్వి, కాసేపు నా తెర వైపు చూశాడు. "నిజమేలే. మార్చెయ్. అలాగే వచ్చేటప్పుడు కాఫీ..." అంటూ నా మొహం చూసి ఆగిపోయాడు.

ఇందాక సాయంత్రం ఇంటికొచ్చే బస్సులో ఒక ముసలమ్మ, మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని, మా భాషలో దారిలో కనిపించినవన్నీ చెబుతోంది. వంతెన, పడవ, కాకి. వాడు తిరిగి అంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. వాళ్ళ మాటలు వింటూ నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను. చీకట్లో వెనక్కి నడుస్తూ నన్ను నేను తిట్టుకున్నాను. ముక్కూమొహం లేని త్రెడ్ల తరపున అంత గట్టిగా అరిచానే, నాకోసం ఈ ఇంట్లో ఒక్కసారైనా 'నేనెందుకాగాలి' అని అడిగానా? ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కాస్త ఆగమన్నారంతే. ఆగాను. మంచి కోడలు అనిపించుకున్నాను. ఆ పేరుతో నేనేం చేసుకోను?

మర్నాడు బల్ల నిండా జనం. స్లావా రోజున ఇంటి యజమాని కూర్చోకూడదు, నిలబడి అతిథుల్ని చూసుకోవాలి. నెబోయ్షా చేతిలో గ్లాసుతో దర్జాగా నిలబడ్డాడు. పళ్ళేలన్నీ నేనే మోశాను. రాత్రి చుట్టిన క్యాబేజీ సర్మా వడ్డించాక, ఎవరూ కూర్చోమనకపోయినా, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"తియానా, ఇలా రా తల్లీ, నా పక్కన కూర్చో" అన్నాను, మా భాషలో, అందరికీ వినబడేలా.

బల్ల చుట్టూ తలలన్నీ నా వైపు తిరిగాయి. పిల్లకి ఎక్కడో ఓ మూల గుర్తుండే ఉంటుందని నా ఆశ.

తియానా నా వైపు చూసింది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "నానమ్మా, అమ్మ ఏమంటోంది?"

కత్తితో కోసినట్టయింది. నా కన్నకూతురికి నా మాట ఇంకొకరు చెప్పాలి. అత్తగారు నవ్వబోయి నవ్వలేకపోయింది. "ఏమో తల్లీ, నాకేం తెలుసు" అంది.

"అతిథులున్నారు ఇల్దీ" నెబోయ్షా గొంతు తగ్గించి అన్నాడు. "అందరికీ తెలిసేలా చెప్పు. ఇవాళొక్క రోజుకి."

వాళ్ళ భాషలో చెప్పొచ్చు. చెప్పానంటే పిల్ల పరుగున వచ్చి, గోధుమల తీపి అంటిన చేతులతోనే నా మెడ పట్టుకుని వేలాడుతుంది. అదంటే నాకు ప్రాణం.

తియానా ఇంకా నా నోటి వైపే చూస్తోంది. నేను పక్క కుర్చీ వెనక్కి జరిపి, అప్పుడే పుట్టిన పిల్లతో మాట్లాడినంత నెమ్మదిగా, అదే మాట మా భాషలోనే ఇంకోసారి అన్నాను.