పదకొండో స్థానం

పగలంతా కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీసే చంటికి ఇంటర్నెట్లో ఇంకో పేరుంది. ఆ పేరు ఉక్కుకన్ను. ముప్ఫయ్ తొమ్మిదేళ్ళొచ్చి, నెత్తిన జుట్టు పలచబడ్డా ఇంట్లో ఇంకా చంటిగానే మిగిలిపోయిన మనిషికి, బయటైనా కాస్త బరువైన పేరు పెట్టుకోవాలనిపించడంలో తప్పు లేదు లెండి. తప్పంతా ఆ పేరు చాటున చేసిన పనిలో ఉంది.

‘లోహభటుడు’ అని ఒక రోబో కార్టూన్. పదంతస్తుల మేడంత రోబో, దాని ఛాతీలో కూర్చుని నడిపే ఒక పిల్లాడో పిల్లో, వారానికో కొత్త శత్రువు. నలభయ్యేళ్ళుగా వస్తూనే ఉంది. ఒక సిరీస్ ముగిస్తే కొత్త రోబో, కొత్త కుర్రాడు, కొత్త యుద్ధం. ఇప్పటికి పదకొండు సిరీసులయ్యాయి. వాటిలో ఏది గొప్పది, ఏది చెత్తది అని కొట్టుకుచచ్చే జనం వేలల్లో ఉన్నారు. నవ్వకండి. మనం మాత్రం ఇంతకన్నా పెద్ద విషయాలకే కొట్టుకున్నామా ఏమిటి?

ఆ జనానికి ఉక్కుకన్ను మాటంటే మాటే. ఏడాదికోసారి జాబితా పెడతాడు. పదకొండో స్థానంతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఏది ఎందుకు ఎక్కడుందో చెబుతాడు. పైనున్న పదీ ఏటా అటూ ఇటూ మారేవి. పదకొండోది మాత్రం తొమ్మిదేళ్ళుగా కదల్లేదు. అక్కడ ఐదో సిరీస్. దాని కింద ఏటా అదే మాట: ‘బొమ్మలు ఫరవాలేదు. కానీ ఆ కుర్రాడికి డబ్బింగ్ చెప్పిన గొంతుందే, రేకు డబ్బాలో గులకరాయి వేసి ఆడించినట్టుంటుంది.’ ఈ ముక్క జనానికి తెగ నచ్చేసింది. ఎవరి గొంతు బాగాలేకపోయినా ‘గులకరాయి’ అనడం వాళ్ళకి అలవాటైపోయింది.

అయితే ఆ జనంలో ఎవరికీ తెలియని సంగతులు రెండున్నాయి. ఐదో సిరీస్‌లో ఉక్కుకన్ను చూసింది మొదటి మూడు ఎపిసోడ్లే. ఆ గులకరాయి అతని సొంత పిన్ని.

చంటి తల్లి ఫ్యాక్టరీలో షిఫ్టుల పని చేసేది. పిల్లాణ్ని పెంచింది ఆవిడ చెల్లెలే. పిన్ని అప్పట్లో డబ్బింగ్ చెప్పేది. కార్టూన్లలో మగపిల్లల గొంతులు చాలావరకు ఆడవాళ్ళే చెబుతారు కదా. ఐదో సిరీస్ టీవీలో మొదలైన మూడో వారం, ఆవిడ చంటిని తీసుకెళ్ళడానికి బడి గేటు దగ్గరికొచ్చి, పిల్లలు సరదా పడతారని ఆ కుర్రాడి గొంతుతో “లోహభటా, లే!” అని అరిచింది. మర్నాడు క్లాసంతా చంటి మీద పడింది. “ఒరేయ్, మీ పిన్నికి మీసాలెప్పుడొచ్చాయిరా?” అని ఒకడు, “గడ్డం గీసేది నువ్వేనా?” అని ఇంకొకడు. చంటి ఏడవలేదు. “ఆవిడ మా పిన్ని కాదు, పక్కింటావిడ” అన్నాడు. ఆ వారం నుంచి ఆ కార్టూన్ రాగానే స్నానాలగదిలోకి పోయి పంపు తిప్పుకుని కూర్చునేవాడు.

తొమ్మిదేళ్ళ పిల్లాడు చేశాడంటే సరే, పిల్లచేష్ట. ముప్ఫయ్యేళ్ళు దాటినవాడు ఆ పాత మంటని జాబితాగా అల్లి, ఏటేటా ఊరందరికీ పంచాడంటే ఏమనాలి? పైగా ఆవిడ చేతి అన్నం తింటూ! తల్లి పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే మరి.

సరే, అసలు కథకొద్దాం. పిన్నికి కంటి ఆపరేషనై వారమైంది. నల్లద్దాలు పెట్టుకుని, చదవకూడదు, ఫోను చూడకూడదు అని మంచానికి అతుక్కుని కూర్చునుంది. డబ్బింగ్ మానేసి పాతికేళ్ళవుతోంది. ఇప్పుడు ఆవిడ పని జిప్పులు మార్చడం, పంట్లాములు పొట్టి చెయ్యడం. అలాంటి మనిషికి స్టూడియో నుంచి ఫోనొచ్చింది. పాత సిరీసులన్నీ మళ్ళీ విడుదల చేస్తున్నారట. ఐదోదానికి కొత్తగా ఒక ముగింపు కలిపారట. ఆ కుర్రాడికి పాత గొంతే కావాలట. వస్తారో రారో రెండు రోజుల్లో చెప్పమన్నారు.

చంటి దుకాణం నుంచి వచ్చేసరికి ఆవిడ కాళ్ళు ఊపుకుంటూ కూర్చునుంది, చిన్నపిల్లలాగా.

“చంటీ, ఆ స్టూడియో అమ్మాయి చెప్పింది. ఎవరో ఉక్కుకన్ను అట, అన్ని సిరీసులకీ ర్యాంకులిస్తాడట. మాది అడుగున పెట్టాడట. ఎందుకో అడిగితే ఆ పిల్ల నసిగింది. తీసి చదువు, విందాం.”

“నెట్ సరిగ్గా రావట్లేదు పిన్నీ.”

“మరి ఇప్పుడే గుమ్మంలో ఫోను చూసుకుంటూ నవ్వింది ఎవర్రా? చదువు.”

దొంగకి తేలు కుట్టినట్టయింది. మాట మార్చి చదవచ్చు, నిజమే. కానీ మర్నాడు ఆ స్టూడియో అమ్మాయే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే? ఆ భయంతో, తను రాసిన ముక్కని తనే, పరాయివాడి ముక్కలాగా గొంతు చప్పగా పెట్టి చదివాడు. డబ్బా, గులకరాయి, అన్నీ.

పిన్ని ముందు నవ్వింది. “బాగానే చెప్పాడు” అంది. తర్వాత, “ఇంకోసారి చదువు” అంది. చదివాడు. ఆవిడ పెదవులు కదిపి, ఆ పాత గొంతుతో ఏదో అనబోయి, అనకుండా ఆగిపోయింది.

“నాకు మొహమ్మీద ఎవరూ చెప్పలేదు చూడు” అంది. “అంతమందికి అలా వినిపించిందంటే నిజమే అయ్యుంటుంది. ఈ వయసులో మళ్ళీ వెళ్ళి ఇంకోసారి నవ్వులపాలు కావడం దేనికి? రేపు ఫోన్ చేసి రానని చెప్పెయ్ నాన్నా.”

ఆ ‘నాన్నా’ చంటికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. అప్పుడే చెప్పేయాల్సింది. ‘సరే’ అని లేచిపోయాడు.

మర్నాడు దుకాణంలో ఎడమ కంటి అద్దాన్ని కుడివైపు ఫ్రేముకి అరగదీశాడు. యజమాని దాన్ని వెలుగుకి పట్టి చూసి, “ఏమయ్యా, ఇది పెట్టుకుంటే ఆర్డరిచ్చిన పెద్దాయన మెట్లనుకుని గోడెక్కుతాడు” అన్నాడు. చంటి నవ్వలేదు. తన మీద తనకే అసహ్యం వేస్తోంది. అయినా తప్పు ఒప్పుకునే దారి వదిలేసి, తప్పించుకునే దారే వెతికాడు. మనిషి బుద్ధి అంతే. భోజనం వేళ ఫోను తీసి, స్టూడియోకి చెయ్యకుండా, కొత్త జాబితా పెట్టాడు. ఐదో సిరీస్ మొదటి స్థానం! ‘ఇన్నేళ్ళూ పొరబడ్డాను. ఆ గొంతులో ప్రాణం ఉంది’ అంటూ నాలుగు వాక్యాలు రాశాడు. చూడనిదాన్ని పొగడడం తిట్టినంత సులువు కాదని అప్పుడు తెలిసింది.

జనం ఊరుకుంటారా? ‘ఉక్కుకి తుప్పు పట్టింది’ అన్నాడొకడు. ‘ఎవరైనా బెదిరించారా అన్నా?’ అన్నాడింకొకడు. ఒకమ్మాయి మాత్రం పద్ధతిగా అడిగింది: ‘చివరి ఎపిసోడ్‌లో ఆ గొంతు మీకు ఎక్కడ నచ్చిందో చెప్పండి.’ చంటి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి రాగానే, “పిన్నీ, ఆ ఉక్కుకన్ను మాట మార్చాడు విను” అని గబగబా చదివి వినిపించాడు.

ఆవిడ లేచి నిలబడింది. “మొదటి స్థానమా? పదకొండింట్లోనా? మళ్ళీ చదువు.” మూడుసార్లు చదివించుకుంది. “చూశావా, పెద్దమనిషి! పొరబడ్డానని పదిమందిలో ఒప్పుకోవడం ఎంతమందికొస్తుందిరా? నేను వెళ్తాను. నువ్వే తీసుకెళ్ళాలి, కళ్ళు కనబడవు నాకు. ముందు ఆయనకి రెండు ముక్కలు రాయి. నేను చెబుతా.”

“ఇప్పుడెందుకు పిన్నీ?”

“మంచి మాటకి ఆలస్యం దేనికి? రాయి. ‘ఉక్కుకన్ను గారికి.’ గారు మర్చిపోకు.”

చంటి ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

“‘మీరు మొదట రాసినదానికి నాకు కోపం లేదు. కాకపోతే నిన్నటి నుంచీ గొంతెత్తాలంటే భయం వేసింది. ఇంట్లో కూడా మెల్లగా మాట్లాడాను.’ రాశావా? ‘మీకో సంగతి చెప్పాలి. మీరు మెచ్చుకున్న ఆ గొంతు నాది కాదు, మా అక్క కొడుకుది. అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. కోపమొస్తే మాట చివర కీచుగా పైకి లేచేది. ఏడుపాపుకుంటే ముక్కుతో మాట్లాడేవాడు. వాణ్ని చూసీ చూసీ పట్టుకున్నాను. చివర్లో రోబో కూలిపోతుంటే ఆ కుర్రాడు నన్నొదిలేసి వెళ్ళకు అంటాడే, అది మా వాడు వాళ్ళమ్మ డ్యూటీకి వెళ్తుంటే తలుపు పట్టుకుని అన్న మాట. అలాగే అన్నాను. డైరెక్టరు రెండోసారి చెప్పనివ్వలేదు. సిగ్గుపడతాడని వాడి దగ్గర ఇప్పటిదాకా ఆ మాట ఎత్తలేదు.’” పిన్ని నవ్వింది. “ఇప్పుడు నీ ముందే అనేశానులే. రాశావా?”

చంటి ఒక్క అక్షరం రాయలేదు. నేల చీలితే అందులోకి పోదామనిపించింది.

“పిన్నీ, ఈ ఉత్తరం ఎక్కడికీ పంపక్కర్లేదు. ఉక్కుకన్ను నేనే.”

ఆవిడ పకపకా నవ్వింది. “అమ్మ దొంగవెధవా! నన్ను స్టూడియోకి పంపించడానికి ఆయన పేరుతో ఇవాళ నువ్వు రాశావా? ఎంత పని చేశావురా!” అని చెయ్యి చాపి అతని తల నిమిరింది.

అక్కడితో ఆగిపోయుంటే బతికిపోయేవాడు. ఆవిడే దారి చూపించింది, ఆ దారిన జారుకుంటే సరి. కానీ తల మీద ఆ చెయ్యి ఉండగా చంటికి ఇంకో అబద్ధం నోట రాలేదు.

“ఇవాళ్టిదే కాదు. నిన్న చదివిందీ నేనే రాశాను. తొమ్మిదేళ్ళుగా రాస్తున్నది నేనే. గులకరాయి నేనన్న మాటే.”

తల మీద చెయ్యి ఆగిపోయింది. తర్వాత అక్కడ లేదు.

“ఎందుకురా?”

బడిలో వాళ్ళు ఏడిపించారని, నువ్వు పక్కింటావిడవని చెప్పానని, ఏవేవో గొణిగాడు. నలభయ్యేళ్ళు రాబోతున్న మనిషి నోట్లో ఆ మాటలు అతనికే రోతగా వినిపించాయి.

“అది సరే. ఇంతకీ ఏది నిజం? డబ్బాలో గులకరాయా, మొదటి స్థానమా? నాకు అది చెప్పు చాలు.”

“తెలీదు పిన్నీ. నేను ఆ సిరీస్ చూళ్ళేదు.”

పిన్ని నల్లద్దాలు తీసేసింది. ఎర్రగా ఉన్న కళ్ళతో, అతను సరిగ్గా కనబడక, కాస్త పక్కకి చూస్తూ మాట్లాడింది.

“అది రాగానే స్నానాలగదిలో దూరి పంపు తిప్పేవాడివి. నీ గొంతు నువ్వు గుర్తుపట్టి సిగ్గుపడుతున్నావనుకున్నాను. ఇన్నేళ్ళూ అది తల్చుకుని మురిసిపోయాను. చూడనివాడు అన్న మాటకా నేను నిన్నటి నుంచీ నోరు మూసుకుని కూర్చున్నది?”

“పిన్నీ, నన్ను తిట్టు.”

“ఫోను కలుపు. స్టూడియోకి.”

కలిపి ఆవిడ చేతికిచ్చాడు. అవతల అమ్మాయి పలికింది. పిన్ని గొంతు సవరించుకుంది. మొదటి మాట వణికింది కానీ తర్వాత నిలబడింది.

“చేస్తానమ్మా. గొంతు పనికొస్తుందో లేదో మీరే విని చెప్పండి. ఆదివారమా? సరే. తీసుకురావడానికా?” ఎదురుగా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్న చంటి వైపు ఆవిడ తల తిప్పలేదు. “లేదమ్మా, మా ఇంట్లో ఎవరూ లేరు. మీరే బండి పంపించండి.”