నాన్న కొట్టిన తొలి సెల్యూట్

దగ్గరికి జరగండర్రా, ఆ పొద్దున ఆ తల్లి మనసులో ఏం తిరిగిందో చెబుతా, ఈ గుండీ ఏమిటి ఇంత బిగుతుగా ఉంది అనుకుంటోంది ఆవిడ, నౌకాదళం అకాడమీ మైదానంలో కూతురి భుజం మీద ఆఫీసరు పట్టీ పెడుతూ, చదువు ముగిసిన పిల్లలకి ఇంటివాళ్ళే పెట్టాలిట, దీని భుజాలు ఎప్పుడు ఇంత వెడల్పయ్యాయో, మొన్నమొన్నటిదాకా నా మెడ పట్టుకుని వేలాడింది కదా, అదిగో రేవులో బూడిదరంగు ఓడలు, యుద్ధం మొదలయ్యాక వెళ్ళినవి అన్నీ తిరిగి రాలేదు, సాయంత్రం దీని ఓడా కదులుతుంది, కాదంటే ఒడ్డునే వైర్‌లెస్ ఆఫీసులో చోటుంది, ఏదో ఒకటి ఇప్పుడే కెప్టెన్‌కి చెప్పాలి, నువ్వు ఉండమంటే ఉంటానమ్మా, నీ నోటితో అను చాలు అంది పిల్ల, ఆ మాటే నాలుక చివర ఆడుతోంది, ఉండవే తల్లీ, సముద్రానికి మీ నాన్న ఒక్కడు చాలడా అని, అంతలో పక్కనుంచి మొగుడు, ఒసే, తిరగేసి పెట్టావే, గుండీ మెడవైపు రావాలి, ఇంకా నయం, కాలికి కట్టలేదు అన్నాడు, ఎప్పుడూ ఇంతే ఈ మనిషి, ఇదే నౌకాదళంలో ఓడ ఇంజన్ గదిలో మెకానిక్కు, గోళ్ళ కింద నల్లనూనె ఎంత రుద్దినా పోదు.

పట్టీ సరిచేసి పక్కకి తప్పుకుందో లేదో, పిల్ల అలవాటుకొద్దీ తండ్రికి సెల్యూట్ కొట్టబోయింది, చెయ్యి దించవే పిచ్చిమొద్దూ, ఇక ముందు కొట్టాల్సింది నేను, నువ్వు ఆఫీసరువి అని గొణిగాడు, గొణిగి మడమలు కలిపాడు, వంగిన నడుం ఎలా నిటారైందో, ఆ నూనె మరకల చెయ్యి నుదుటికి చేరింది, మేడమ్ అన్నాడు, కోతిపిల్లా అని తప్ప పిలవని నోటితో, పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగినా గడ్డం వణకలేదు, తిరిగి సెల్యూట్ కొట్టింది, వీళ్ళిద్దరూ నా వంటగదిలో ప్లేటు కోసం కొట్టుకునేవాళ్ళేనా, వీళ్ళనా నేను తిట్టి అన్నం పెట్టింది.

సిగ్గుగా లేదటయ్యా కన్నకూతురికి సెల్యూట్ కొట్టడానికి అని ఆవిడ మెల్లిగా అడిగితే, సిగ్గేమిటే, ఓడ అడుగున ఉండేవాడికి ఆకాశం కనబడుతుందా, పైనున్న ఆఫీసరు ఇంజన్ తిప్పమంటే తిప్పుతా, ఆపమంటే ఆపుతా, వాళ్ళ కళ్ళే నా కళ్ళు అన్నాడు, కెప్టెన్ వచ్చి నిలబడ్డాడు, ఒడ్డా ఓడా అన్నాడు, పిల్ల తల్లివైపు చూసింది, అప్పుడు తట్టింది ఆవిడకి, ఇన్నేళ్ళూ ఈ మనిషి క్షేమంగా ఇంటికొచ్చాడంటే, మొహమైనా తెలియని ఏ తల్లో తన బిడ్డని ఆ పైన నిలబెట్టబట్టే, ఇవాళ ఎవరి మొగుడో, ఎవరి కొడుకో దీని ఓడ అడుగున ఉన్నాడు, ఓడే అంది ఆవిడ, గొంతు తనదేనా అన్నంత గట్టిగా, వెళ్ళిరా అమ్మా. ఈ మాట మరిచిపోకండర్రా, నేను లేనప్పుడు మీ పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పండి.