దూది మడమ దెబ్బ

పొద్దున్నే లేవగానే దూది చేసే మొదటి పని నెత్తిన దుప్పటి కప్పుకుని మైకు ముందు కూర్చోవడం. దుప్పటి కిందైతే గొంతు దగ్గరగా, గదిమోత లేకుండా రికార్డవుతుంది. పైగా నిద్రమత్తులో గొంతు కాస్త బొంగురుగా ఉంటుంది కాబట్టి, పాట వెనక వినిపించే గొంతులన్నీ అప్పుడే పాడేసుకుంటుంది. అక్క పెళ్ళి చేసుకుని వెళ్తూ వదిలేసిన కంప్యూటరు, రెండు మెట్లు పలకని కీబోర్డు, చీపురుకర్రకి టేపుతో కట్టిన మైకు, ఇదీ స్టూడియో. పాట రాయడం, పాడడం, తాళం వెయ్యడం, శబ్దాలన్నీ ఏరి కూర్చి పాటగా నిలబెట్టడం, అంతా ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఒక్కతే.

దూది అన్నది అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు. పుట్టినప్పుడు అంత తేలిగ్గా ఉండేదట. ఆరో నెలలో పాలు ఆలస్యమయ్యాయని కోపమొచ్చి ఉన్నపళంగా బరువెక్కింది, ఉయ్యాలతొట్టి అడుగు ఊడిపోయింది. అప్పట్నించీ అంతే. కోపమొస్తే మనిషి లావెక్కదు, బరువెక్కుతుంది. కోపం తగ్గితే మళ్ళీ మామూలే. కొందరు పిల్లలకి ఎప్పుడూ జలుబుంటుంది, ఈ పిల్లకి ఇది, అన్నట్టు అందరూ సర్దుకున్నారు. మంచం కింద ఇటుకలు పెట్టారు. లిఫ్టు నడిపే ఆయన ముందు ఆమె మొహం చూసి, ఆ తర్వాతే "లిఫ్టా, మెట్లామ్మా ఇవాళ?" అని అడుగుతాడు.

అమ్మ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. కూతుర్ని చల్లబరచడం ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. మెడ వెనక చెయ్యి వేసి, ఆ రోజు పట్టుకున్న అచ్చుతప్పుల కబుర్లు చెబుతుంది. ఐదు నిమిషాల్లో పిల్ల మామూలైపోతుంది. "కోపం దిగమింగుకోవడం నేర్చుకోవే" అని చివర్లో ఒక మాట.

మొదట్లో దూది కంప్యూటర్లో దొరికే డ్రమ్ములే వాడింది. అన్నీ అట్టపెట్టె మీద కొట్టినట్టుండేవి. ఒకరోజు రేడియో స్టేషన్లో ఒకాయన ఆమె పాట విని, "బాగుందమ్మా. ఇంతకీ చేసిపెట్టిందెవరు?" అన్నాడు.

"నేనే."

"అదే, పాడింది నువ్వే. చేసింది?"

ఇంటికొచ్చి, తలుపు ధడాలున వేసి, మడమతో నేలని ఒక్క తన్ను తన్నింది. మైకు ఆన్‌లోనే ఉంది. రికార్డయిన ఆ దెబ్బ విన్నాక కాసేపు కోపం సంగతే మరిచిపోయింది. గుండెల మీద ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కినట్టుంది. అట్టపెట్టెలన్నీ తీసేసి, పాటంతా ఆ దెబ్బ మీదే మళ్ళీ కట్టింది. సరిపోయినంత కోపం లేనిరోజు దెబ్బ పేలవంగా వచ్చేది, తీసి పారేసేది. అలా మూడేళ్ళు.

ఆ పాట జనంలోకి పోయింది. బస్సుల్లో, బట్టల దుకాణాల్లో, పిల్లల ఫోన్లలో అదే. దాంతోపాటే ఆ ప్రశ్న కూడా ఊరంతా తిరిగి మళ్ళీ మళ్ళీ వచ్చి ఈమె గుమ్మంలోనే వాలేది. పాడడానికి వెళ్తే హాల్లో సౌండు చూసే అతను "మీ అన్నయ్య చేశాడా?" అన్నాడు. ఆమెకి అన్నయ్యే లేడు. పత్రికాయన "మీ వెనక ఎవరున్నారు?" అన్నాడు. "గోడ" అంది. వెనక ఎవరో ఉండాలట. ఆడపిల్ల పాడితే నోరు ఆమెది, బుర్ర ఇంకెవరిదో అయ్యుండాలట. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది, ఇక ఆ పిల్ల సంగతి అడగాలా? ఆ నెల్లో మూడు కుర్చీలు పోయాయి.

అప్పుడు పిలిచింది పాటల కంపెనీ. పెద్ద కంపెనీ, వాళ్ళు చేపట్టిన పాట దేశమంతా వినిపిస్తుంది. దూది పొంగిపోయి, అదే దెబ్బ మీద కట్టిన కొత్త పాట ఇచ్చింది. మెరుగు పెట్టడానికని వాళ్ళు దాన్ని తమ సీనియర్ ప్రొడ్యూసర్ చేతిలో పెట్టారు. గదిలో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యని మనిషి. పాటని మూడు వారాలు దగ్గర పెట్టుకుని, ఒక్కచోట గొంతుని వెంట్రుకవాసి పెంచి ఇచ్చాడు. రేపు విడుదలనగా దూదిని సంతకానికి రమ్మన్నారు. ఒప్పందం మొదటి పేజీలో రచన దూది, గానం దూది అని ఉంది. దాని కింద ప్రొడ్యూసర్ అన్నచోట, అంటే పాట చేసిందెవరో చెప్పే చోట, సీనియర్ పేరుంది.

"ఇక్కడ తప్పు పడింది," అంది దూది, వేలు పెట్టి చూపించి.

"తప్పేం కాదమ్మా," అన్నాడు కంపెనీ ఓనరు. "ఆయన పేరుంటే పాటకి మర్యాద."

"చేసింది నేను."

"కాదన్నదెవరు? రెండుచోట్ల నీ పేరే ఉంది కదా. మూడోది కూడా నీకే కావాలంటే ఎలా?"

దూది కూర్చున్న సోఫా కిర్రుమంది. దూది సీనియర్ వైపు తిరిగింది. "మీరే చేశారు కదా సార్. ఆ దెబ్బ ఎలా వచ్చిందో చెప్పండి."

సీనియర్ నల్లకళ్ళద్దాలు సర్దుకున్నాడు. "అది అలా చెప్పేది కాదమ్మా. అనుభవం."

అనుభవమట. మడమ వాచేలా మూడేళ్ళు నేలని తన్నింది ఈమె, అనుభవం ఆయనది. సోఫా కాళ్ళు నాలుగూ ఒక్కసారే విరిగాయి.

కింది అంతస్తులో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆయన మెట్లెక్కి వచ్చాడు. "అరల్లోంచి జోళ్ళు రాలుతున్నాయండీ. కాస్త ఎవరికైనా కోపమొచ్చి ఉంటే చూడండి" అని మర్యాదగా చెప్పి వెళ్ళాడు. నలుగురు కలిసి దూదిని లేపబోయారు. అంగుళం కదల్లేదు.

"పేరు మార్చండి, సంతకం పెడతాను," అంది.

ఓనరు నవ్వు మానేశాడు. "సంతకం పెట్టకపోతే నీ పాట ఏ స్టేషనూ వెయ్యదు, ఏ హాలూ నిన్ను పిలవదు. నా ఒక్క ఫోను చాలు. నీలాంటివాళ్ళు వీధికి పదిమంది. ఆలోచించుకో."

ఆలోచించుకుంటే ఇంకా బరువెక్కింది. చివరికి వాళ్ళే ప్రెస్సుకి ఫోన్ చేసి, "మీ అమ్మాయి మా సోఫాలో కూరుకుపోయింది, వచ్చి చల్లబరచండి" అని అమ్మని పిలిపించారు.

అమ్మ వచ్చింది, వేళ్ళకి ఎర్రసిరా మరకలతో. కూతురి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. దూదికి ఆ రోజు మొదటిసారి భయం వేసింది. అమ్మ చెయ్యి మెడ మీద పడితే తను తేలికైపోతుంది. తేలికైపోతే లేస్తుంది, లేస్తే సంతకం పెట్టేస్తుంది. అది తనకి తెలుసు, వాళ్ళకీ తెలుసు.

అమ్మ చెయ్యి చాచి, బల్ల మీది కాగితాలు తీసుకుంది.

"అవన్నీ మామూలేనమ్మా, చదవక్కర్లేదు," అన్నాడు ఓనరు.

"చదవందే కాగితం నా చేతిలోంచి పోదు బాబూ. అలవాటు."

ప్రెస్సులో చదివినట్టే చదివింది. గొంతులో ఎత్తూ పల్లం లేకుండా, చుక్కా గీతా వదలకుండా. "'ఈ పాటలోని శబ్దముల రూపకల్పన యావత్తూ కామా సదరు సీనియర్ వారి ప్రతిభాఫలమై యున్నది ఫుల్‌స్టాప్.'"

నేల పటుక్కుమంది.

"'గాయనికి పాట తయారీలో ఎట్టి ప్రమేయమూ లేదు ఫుల్‌స్టాప్. సదరు ప్రతిభకు గాయని కామా ఎల్లప్పుడూ కామా కృతజ్ఞురాలై యుండవలెను ఫుల్‌స్టాప్.'"

గోడమీద బీట ఒకటి కిటికీ దాకా పాకింది. కింద అద్దాలు భళ్ళుమన్నాయి.

"చాలమ్మా, చాలు," అన్నాడు ఓనరు.

"ఇంకా మూడు పేజీలున్నాయి బాబూ. ఈ కృతజ్ఞత వాక్యం ఇంకోసారి చదువుతాను, మా అమ్మాయికి సరిగ్గా వినపడినట్టు లేదు."

రెండోసారి చదువుతుండగా సోఫా ఉన్నచోట నేల జానెడు కుంగింది. సీనియర్ లేచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఓనరు కలం లాక్కుని ఆ పేరు గజిబిజిగా కొట్టేశాడు.

"అలా కాదు," అంది అమ్మ. "అడ్డంగా ఒక్క గీత. పైన సరైన పేరు. పక్కన మీ పొట్టి సంతకం. ఆ పేరు నాలుగుచోట్ల ఉంది. ఆ ప్రతిభ, ప్రమేయం, కృతజ్ఞత వాక్యాలు మూడూ తీసెయ్యాలి."

పళ్ళు నూరుతూ అన్నీ దిద్దాడు. దూది చదువుకుని సంతకం పెట్టింది.

"మా దగ్గర నీకిదే ఆఖరి పాట," అన్నాడు ఓనరు.

"సరే," అని తనే లేచింది. తన బరువు తనకెప్పుడూ అడ్డం కాదు.

వీధిలోకి వచ్చాక అమ్మ అడిగింది. "తగ్గిందా?"

"లేదు."

"తగ్గనివ్వకు. ఇంటికెళ్ళి రికార్డు చేసుకుందువుగాని. ఇంత మంచి కోపం మళ్ళీ రాదు."

దూది ఆగి అమ్మ మొహంలోకి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారి. బస్సు మోసే బరువు కాదు కనక నడవడం మొదలుపెట్టారు. అడుగుల చప్పుడు తగ్గినట్టనిపించినప్పుడల్లా అమ్మ ఒప్పందంలోంచి ఒక వాక్యం అప్పజెప్పేది, కామాలతో సహా. దూది కాలు మళ్ళీ ధన్‌మనేది. అలా ఏడెనిమిది వీధులు దాటారు. అక్కడికి వాక్యాలు అయిపోయాయి.

"ఐదో తరగతిలో చదివావే లెక్కల పుస్తకం, నీలం అట్టది," అంది అమ్మ. "అది రాసింది నేను."

"నువ్వా?"

"తప్పులు దిద్దమని ఇచ్చారు. దిద్దడానికేం లేదు, మొత్తం తప్పే. మొదటి పేజీ నుంచీ మళ్ళీ రాశాను. నువ్వు చంటిదానివి, ఒళ్ళో పడుకోబెట్టుకునే రాశాను. అట్ట మీద ప్రెస్సు ఓనరు బావమరిది పేరేశారు. ఏటేటా అచ్చవుతూనే ఉంది. దాని ప్రూఫులు కూడా నేనే చూస్తాను."

దూది కాలికింద రాయి రెండుగా చీలింది.

"నీకు కోపం రాలేదా అమ్మా?"

"రాకేం? బయటపెడితే నీకూ వచ్చేది, బరువెక్కేదానివి. నిన్ను ఎత్తుకోవాలి కదే అప్పుడు."

ఇల్లు ఇంకా నాలుగు వీధుల దూరం ఉంది. అమ్మ చెమట తుడుచుకుని, అలాంటిదే ఇంకోటి చెప్పడం మొదలుపెట్టింది.