లాగిన్ తెర మీది చక్రం

అడగ్గానే పని చేసిపెడతాడని కిరీటికి ఆఫీసంతా మంచి పేరు. నోయిడాలో ఓ అనువాదాల కంపెనీలో లినక్స్ కంప్యూటర్లన్నీ అతని చేతిమీదుగానే నడుస్తాయి. ఆ మంచి పేరు ఎంతవరకు నిజమో సుభద్రగారిని అడగాలి.

సుభద్రగారు అక్కడే అనువాదకురాలు, ఊరు కాకినాడ. కీళ్ళవాతంతో వేళ్ళు బిగుసుకుపోయాయి. అందుకని ఆవిడ మైకులో చెబితే ఒక ప్రోగ్రామ్ విని, తెరిచి ఉన్న ఫైల్లో టైపు చేసేది. ఆవిడ ఉద్యోగమంతా దాని మీదే.

తెర మీద కిటికీలు చూపించే పని డిస్‌ప్లే సర్వర్‌ది. పాతదాని పేరు ఎక్స్, కొత్తదాని పేరు వేలాండ్. ఎక్స్ ఉమ్మడి వంటిల్లు లాంటిది, ఏ ప్రోగ్రామైనా పక్కదాని గిన్నెలో చెయ్యి పెట్టొచ్చు. వేలాండ్ ఎవరి గది వారికిచ్చి తలుపు మూసేస్తుంది. భద్రత కూడా ఎక్కువే. పైగా కొత్త మానిటర్ల మీద అక్షరాలు మసగ్గా ఉన్నాయని మేనేజర్ ఇషిత రోజూ సతాయిస్తోంది, వేలాండ్‌లో ఆ గొడవ లేదు. కిరీటి ఓ శనివారం అన్నిటినీ వేలాండ్‌కి మార్చేశాడు. పాతది కావాలంటే ఎంచుకోవడానికి లాగిన్ తెర మీద చిన్న చక్రం గుర్తు ఉంటుంది. ఎవరో నొక్కి తన నెత్తికి తెస్తారని దాన్నీ తీసేశాడు.

సోమవారం ఇషిత అందరి ముందూ మెచ్చుకుంది. మధ్యాహ్నం సుభద్రగారు వచ్చారు.

"నేను చెప్తోంది మైకు వింటోందండి, టైపవ్వట్లేదు."

వేలాండ్ మూసిన తలుపు దాటి ఆ ప్రోగ్రామ్ పక్క ఫైల్లో టైపు చెయ్యలేకపోతోందని అతనికి వెంటనే అర్థమైంది. ఆవిడ మిషన్‌లో ఎక్స్ తిరిగి పెడితే చాలు. టీ చల్లారేలోపు అయిపోయే పని.

"చూస్తానండి."

"పర్లేదండీ, మీకు వీలున్నప్పుడే చూడండి."

ఆ మర్యాదే ఆవిడ కొంప ముంచింది. మిగతావాళ్ళు బల్ల దగ్గర నిలబడి "భయ్యా, అభీ కర్ దో" అంటే అప్పటికప్పుడే చేసిపెట్టాడు. సుభద్రగారు మనవాళ్ళే కదా, ఏమీ అనుకోరులే అని పక్కన పెట్టాడు. పరాయి ఊళ్ళో మనవాళ్ళకి మనం చేసే మర్యాద ఇదే మరి. ఆవిడ మళ్ళీ అడిగారు, మళ్ళీ "పర్లేదండీ" అనే వెళ్ళారు. వాచిన వేళ్ళతో ఆవిడ ఒక్కో అక్షరం పొడుస్తుంటే, చూస్తూనే అతను లంచ్‌కి వెళ్ళొచ్చేవాడు.

కాంట్రాక్టులు పొడిగించే వేళకి ఆవిడ పని బాగా వెనకబడింది. పొడిగించలేదు. ఆ సంగతి తెలిసిన రోజు కిరీటి లంచ్‌కి వెళ్ళలేదు. ఇషిత దగ్గరికి వెళ్ళి తప్పు తనదని చెప్పాడు.

"అచ్ఛా? పెహలే బోల్నా థా," అంది ఇషిత, ముందే చెప్పాల్సిందని. ఆ సీటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు.

ఆఖరి రోజు సుభద్రగారు మిషన్ అప్పగించడానికి వచ్చేసరికి కిరీటి దాంట్లో చక్రం తిరిగి పెట్టి, ఎక్స్ ఎంచి ఉంచాడు. ఎందుకో అతనికే తెలీదు.

"ఒక్కసారి చూడండి," అన్నాడు.

ఆవిడ మైకున్న హెడ్‌ఫోన్ పెట్టుకుని, "సామాను అప్పగించాను," అన్నారు. తెర మీద ఆ మాటలు గబగబా పడ్డాయి. ఆవిడ ముఖం ఒక్క క్షణం వెలిగింది.

"ఎంతసేపు పట్టిందండీ?"

"ఎంతోసేపు పట్టలేదండి," అన్నాడు తల దించుకుని. "క్షమించండి. మొదటి రోజే చెయ్యాల్సింది."

పర్లేదండీ అంటారని ఎదురుచూశాడు. ఆవిడ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, బ్యాగు మోచేతికి తగిలించుకుని వెళ్ళిపోయారు.