శుక్రవారం పూట గుమ్మంలో

లిఫ్టు తలుపు మూసుకోబోయి మళ్ళీ తెరుచుకుంది. బరువెక్కువైందని గంట మోగుతోంది. లోపల కిక్కిరిసి ఉన్నవాళ్ళలో ఎవరూ కదలలేదు. కదలవలసింది ఎవరో వాళ్ళకీ తెలుసు, బుల్లిబాబుకీ తెలుసు. అతను ముక్కాలిపీట మీంచి లేచి, పీటను కాలితో గోడవారకు జరిపి, బయటికి దిగాడు. ఎవరో ఆరో అంతస్తు మీట నొక్కుకున్నారు. లిఫ్టు నడపడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి మెట్లెక్కి వెళ్ళి ఆరో అంతస్తులో ఆ లిఫ్టు కోసం నిలబడాలి. మాదాపూర్‌లో ఆ అద్దాల మేడ తెరిచిన నాటినుంచీ ప్రతి ఉదయం ఇదే తంతు.

ఇంకొకడైతే ఒక్కరోజైనా కసురుకునేవాడు. బుల్లిబాబు కమ్మీ పట్టుకుని మెట్లెక్కాడు. ఈ మధ్య మూడో అంతస్తు మలుపులో కాసేపు ఆగవలసి వస్తోంది. అరచేత్తో ఛాతీ రుద్దుకుని, వాయువు కాబోలనుకుని, జేబులోంచి చిటికెడు వాము తీసి నోట్లో వేసుకున్నాడు. పొడుగాటి మనిషి, నడుము దగ్గర కొంచెం వంగాడు. వేరేవాళ్ళ కొలతకు కుట్టిన నీలం చొక్కా భుజాలమీంచి జారుతూ ఉంటుంది. కుడిచేతి వేళ్ళ కొసలమీద నల్లటి కాలిన మచ్చలు. ఎడమకన్ను ఎప్పుడూ సగం మూసినట్టే ఉంటుంది. ఇరవయ్యేళ్ళపాటు గోడలో చిన్న కంతకు ఒక్క కన్ను ఆనించి చూసిన అలవాటు అది.

బుల్లిబాబు అంతకుముందు సినిమా ఆపరేటరు. తణుకు దగ్గర ఒక హాల్లో రోజుకు మూడాటలు వేసేవాడు. పెళ్ళైన కొత్తలో వీరలక్ష్మి ముస్తాబై మొదటాటకు వచ్చి ఆడవాళ్ళ బెంచీల మీద కూర్చునేది. మీ ఆయనేడమ్మా అని పక్కవాళ్ళడిగితే, వెలుగు వచ్చే కంతవైపు చెయ్యి చూపించేది. విశ్రాంతి సమయంలో అతను ఒక్క అంగలో కిందికి వచ్చి, ఆమె చేతిలో గోలీసోడా పెట్టి, మళ్ళీ పైకి పరుగెత్తేవాడు. ఒక్కరోజు సెలవివ్వండి, మా ఆవిడ పక్కన కూర్చుని బొమ్మ చూస్తాను అని అడిగితే, ఆట నీ బాబు వేస్తాడా అన్నాడు యజమాని. హాలును బియ్యం గోదాముగా మార్చిన రోజున అదే యజమాని అతనికి శాలువా కప్పి సాగనంపాడు. ఇరవయ్యేళ్ళలో ఆ మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చుని ఒక్కటంటే ఒక్క సినిమా చూడలేదు. ఎన్ని వందల ఆటలు వేశాడో, ఎంతమంది జంటలకు వేశాడో తలుచుకుంటే వినేవాళ్ళకే ఒళ్ళు మండుతుంది.

ఈ కంప్యూటరు గొడవ కూడా ఆ ముచ్చట తీర్చుకోవడానికే మొదలైంది. నాలుగో అంతస్తులో పనిచేసే ఉదయ్ భాస్కర్ ఒకరోజు లిఫ్టులో స్నేహితుడితో చెబుతున్నాడు. తను ఒక పాత కంప్యూటరు కొని ఇంట్లో టీవీకి తగిలించాడట. సినిమా సీడీ బిళ్ళ వేస్తే చాలు, ఆదివారం ఇల్లే సినిమా హాలైపోతోందట. ఎవరి మాటల్లోనూ ఎన్నడూ తలదూర్చని బుల్లిబాబు ఆ రోజు గొంతు సవరించుకుని, అదెక్కడ దొరుకుతుందండీ అని అడిగాడు. ఉదయ్ భాస్కర్ మంచివాడే. రెండువేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయన్న భయంతో కంపెనీలు వాటిని వదిలించుకుంటున్నాయనీ, వాటిని తుడిచి బాగుచేసి కారుచౌకగా అమ్మే దుకాణం మదీనాగూడలో బొంబాయి రోడ్డు మీద ఉందనీ చెప్పాడు.

దుకాణందారు రామ్మోహనరావు బుల్లిబాబును కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఏ ఊరండీ మీది అని అడిగి, తనదీ గోదావరి జిల్లాయేనని సంబరపడ్డాడు. కంప్యూటరు డబ్బాలో బిళ్ళ వేసి, తీగ టీవీకి తగిలించి, ఒక పాట వేసి చూపించాడు. వేరే తెర కొనక్కర్లేదండి, మీ టీవీయే తెర, బొమ్మను టీవీకి పంపే కార్డు ఇందులోనే ఉంది అన్నాడు. ఏడాది పూచీ అని డబ్బా వెనక మూత బిగించే మరమీద ఒక కాగితపు సీలు అంటించాడు. సొంత జిల్లావాడు మోసం చేస్తాడా అనుకున్నాడు బుల్లిబాబు. డబ్బాను లోపలికి తీసుకెళ్ళి అట్టపెట్టెలో సర్దుతున్నప్పుడు వెనకాలే వెళ్ళి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు.

అది దసరాకు ముందురోజు. హాల్లో ఉన్నప్పుడు ప్రతి దసరాకూ సినిమా మిషనుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే ఆట వేసేవాడు బుల్లిబాబు. పూజ కాకుండా యంత్రాన్ని ముట్టుకోవడమనేది ఆ ఇంట్లో లేదు. కాబట్టి పండగనాడు వీరలక్ష్మి తలంటుకుని, పసుపు తడిపి, డబ్బా చుట్టూ ముందూ వెనకా మూడు పట్టీలు నిండుగా రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. వెనక ఉన్న కాగితం తడికి నాని ఆమె వేలికి అంటుకుని వచ్చేసింది. ధర చీటీ కాబోలనుకుని కొంగుకు తుడుచుకుంది. తరువాత మీట నొక్కితే డబ్బా గుయ్యిమంది, పచ్చదీపం వెలిగింది. టీవీ తీగ పెట్టడానికి మాత్రం ఎక్కడా చోటు లేదు. అది ఉండవలసిన చోట ఒక రేకు ముక్క బిగించి ఉంది. ఆ గుయ్యిమనే చప్పుడు వింటూ ఇద్దరూ కాసేపు కూర్చున్నారు.

కార్డు పీకేసి ఇచ్చారు, వెళ్ళి గట్టిగా అడగండి అన్నాడు మర్నాడు ఉదయ్ భాస్కర్. గట్టిగా అడగడానికి రెండు రోజులు ధైర్యం కూడగట్టుకుని, ఈ శుక్రవారం ఒంటిపూట సెలవు తీసుకున్నాడు బుల్లిబాబు.

ప్రగతి నగర్‌లోని ఇంటికి చేరేసరికి వీరలక్ష్మి వంట ముగించి ఉంది. పప్పూ, దొండకాయ వేపుడూ. రెండు ముద్దలు తిని లేచాడు, సయించడం లేదన్నాడు. ఆదివారానికి బిళ్ళ తెప్పించి పెట్టింది ఆమె. వాళ్ళ పెళ్ళైన ఏడాది అతను వంద రోజులు ఆడించిన సినిమా. వెయ్యిసార్లు చూసినదాన్ని మళ్ళీ ఎందుకని అతనంటే, మీరు పక్కనుండగా ఒక్కసారీ చూడలేదుగా అంది. డబ్బాను పాత దుప్పటిలో చుట్టి ఆటోలో పెడుతుంటే మెల్లగా చెప్పింది:

"మీకు తగువాడ్డం రాదండీ. ఇవ్వకపోతే వచ్చేయండి. పోనిద్దురూ."

"ఈసారి పోనివ్వను," అన్నాడు బుల్లిబాబు.

రామ్మోహనరావు ఈసారి కుర్చీ వేయలేదు. ఊరు గుర్తు రాలేదు. దుప్పటి విప్పించి, డబ్బాను వెనక్కి తిప్పి, మరమీద వేలు పెట్టి చూపించాడు. సీలు ఊడింది, సీలు ఊడాక పూచీ ఉండదు, కార్డు మీరే తీసి అమ్ముకుని ఉండొచ్చు అన్నాడు. ప్రతి మాటకూ చివర అండీ తగిలించే అన్నాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది. పండగకు మా ఆవిడ పసుపు రాసిందండీ, తడికి ఊడిందండీ అని బుల్లిబాబు మూడుసార్లు చెప్పాడు. యంత్రాలకు నీళ్ళూ పసుపూ పూస్తారా ఎవరైనా అని నవ్వాడు రామ్మోహనరావు.

నవ్వుతున్న ఆ మనిషి వెనకే బల్లమీద అతని సొంత కంప్యూటరుంది. దానికి పసుపు పట్టీలున్నాయి, కుంకుమ ఉంది, దసరానాటి చామంతి ఒకటి వాడి అంటుకుని ఉంది. బుల్లిబాబు దానివైపు వేలు చూపించాడు.

"మీరు రాయలేదాండీ?"

"మాది పూచీ ఇచ్చే చెయ్యండీ. మీది పుచ్చుకునే చెయ్యి. రెండూ ఒకటెలా అవుతాయి?"

బుల్లిబాబు డబ్బాను రెండు చేతులా ఎత్తుకున్నాడు. వెళ్ళిపోతున్నాడనుకుని రామ్మోహనరావు చిట్టా తెరిచాడు. బుల్లిబాబు గుమ్మందాకా వెళ్ళి, అక్కడ నడిమధ్యన కూర్చుని, డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కార్డు ఇచ్చేదాకా నేనిక్కడే ఉంటానండీ," అన్నాడు లోపలికి తిరిగి. గొంతు పెద్దది చేయలేదు.

బతుకంతా ఎవరు లెమ్మంటే లేచినవాడు, ఎవరు దిగమంటే దిగినవాడు ఆ గుమ్మంలోంచి లేవలేదు. రామ్మోహనరావు బతిమాలాడు, బెదిరించాడు, పోలీసులన్నాడు. వచ్చే బేరాలు బుల్లిబాబు భుజం పక్కనుంచి దాటుకుని లోపలికి వెళ్తున్నాయి, ఎవరండీ ఈయన అని వాళ్ళడిగితే మావూరివాడే, ఊరికే కూర్చున్నాడు అంటున్నాడు దుకాణందారు. పక్కనే టీ బండి పెట్టుకున్న ఎల్లయ్య చాలాసేపు చూసి, గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు.

"ఏందన్నా, గిట్ల ఎండల కూసున్నవ్? జర నీడకు రారాదు."

బుల్లిబాబు సంగతంతా చెప్పాడు. ఎల్లయ్య దుకాణంవైపు చూసి ఉమ్మేశాడు. అయితే కూసో అన్నా, లేవకు అన్నాడు. టీకి చిల్లర ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

పొద్దు వాలుతోంది. గుమ్మంలో పక్కకు తిరిగి కూర్చుంటే లోపలి టీవీ కనిపిస్తోంది. బేరాల కోసం అదే పాట మళ్ళీ మళ్ళీ వేస్తున్నాడు రామ్మోహనరావు. కూర్చుని, రెండు కళ్ళతో, మిషను రొద లేకుండా ఇంతసేపు బొమ్మ చూడటం బుల్లిబాబుకు ఇదే మొదలు. రంగులు ఇంత బాగుంటాయని అతనికి తెలియదు. వీరలక్ష్మికి ఇవన్నీ ఎప్పుడో తెలుసు కదా అనుకుంటే నవ్వొచ్చింది. ఆదివారం ఆవిడే చెబుతుంది, ఎక్కడ ఏడవాలో, ఎక్కడ నవ్వాలో. తను సోడా అందించి పరుగెత్తక్కర్లేదు.

ఛాతీలో మంట మొదలైంది. ఎడమచెయ్యి బరువెక్కింది. మెడ దాకా పాకుతోంది. వాము కోసం జేబు తడమబోయి మానుకున్నాడు. ఇది వాయువులా లేదు. యాభై ఐదేళ్ళు వచ్చినా తనకు ఎన్నడూ రానిదేదో ఇవాళ వచ్చింది, కోపమంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. రావలసిందే, ఇన్నాళ్ళకైనా రావలసిందే అనుకుని, డబ్బాను ఇంకాస్త దగ్గరికి పొదువుకుని, దాని మీద గడ్డం ఆనించాడు.

దీపాలవేళ అయింది. రామ్మోహనరావు కాళ్ళూ చేతులూ కడుక్కుని లక్ష్మీదేవి పటానికి దండ మార్చాడు, అగరువత్తులు వెలిగించాడు, తన కంప్యూటరు చుట్టూ ధూపం తిప్పాడు. శుక్రవారం సాయంత్రం, అమ్మవారు లోపలికి వచ్చే సమయం. గుమ్మానికి అడ్డంగా ఆ మనిషి. రామ్మోహనరావుకు భయమేసింది. మధ్యాహ్నంనుంచీ న్యాయానికి లొంగనివాడు శకునానికి లొంగాడు. సొరుగు లాగి, అడుగున చిత్తుకాగితాల కింద దాచిన ఆకుపచ్చ కార్డు తీశాడు. నాలుగు రోజులుగా అది అక్కడే ఉంది. చేతికందే దూరంలో ఉంది.

"లెండి బుల్లిబాబుగారూ. ఇదిగో మీ కార్డు, లోపలికి రండి, నేనే బిగించి ఇస్తాను. దీపాలవేళ గుమ్మంలో ఉండకూడదండీ," అన్నాడు.

బుల్లిబాబు లేవలేదు. ఎంత మొండివాడో అనుకుని, కార్డును ఒళ్ళోని డబ్బా మీద పెట్టి, భుజం తట్టబోయాడు రామ్మోహనరావు. ఈలోగా బండి దగ్గరినుంచి ఎల్లయ్య వచ్చాడు. వంగి మొహంలోకి చూశాడు, ముక్కు దగ్గర వేలు పెట్టాడు.

"ఇగ లేడు సారూ," అన్నాడు.

రామ్మోహనరావు రెండడుగులు వెనక్కి వేశాడు. ఎల్లయ్య తన టీ బండిని అలాగే వదిలేసి, ఆటో ఆపి, నలుగురిని పిలిచాడు. ప్రాణమున్నా లేకున్నా దవాఖానకు తీసుకెళ్ళాలి, ఇంటికి కబురు చేయాలి. డబ్బా చుట్టూ బిగుసుకున్న వేళ్ళను అతనే ఒక్కొక్కటిగా విడదీశాడు. డబ్బాను గడప మీదే దించి, బుల్లిబాబును ఎత్తి ఆటోలో కూర్చోబెట్టి, తల తన భుజానికి ఆనించుకున్నాడు.

"ఈ డబ్బా కూడా తీసుకెళ్ళవయ్యా," అన్నాడు రామ్మోహనరావు లోపలినుంచి.

"పొద్దుమూకేదాక ఇయ్యక ఇప్పుడిస్తవా? నీదే గద సారూ, నువ్వే ఉంచుకో," అన్నాడు ఎల్లయ్య. ఆటో వెళ్ళిపోయింది.

రామ్మోహనరావు గడప లోపల నిలబడ్డాడు. చనిపోయినవాడు పట్టుకున్న వస్తువు, పైగా శుక్రవారం, దీపం పెట్టిన చేతులు. ముట్టుకుంటే మైల. దారినపోయేవాళ్ళను పిలిచి, దాన్ని కాస్త పక్కన పెట్టమని అడిగాడు. సంగతి అప్పటికే రోడ్డంతా పాకింది, ఎవరూ చెయ్యి వేయలేదు. తలుపు మూసి ఇంటికి పోదామని, దాన్ని తాకకుండా దాటి బయటికి వచ్చి, ఒంటరిగా షట్టరు గొలుసు లాగాడు. షట్టరు గరగరమంటూ దిగి మోకాలెత్తున ఆగిపోయింది. దాని కింద, గడప మీద, మూడు పసుపు పట్టీల కంప్యూటరూ, దాని మీద ఆ కార్డూ ఉన్నాయి.